పిస్టన్‌కీ బెండ్ పైపుకీ కోటింగ్: తిరుపతి చుట్టుపక్కల యాడ చేయించేది?

ఘాట్_బుల్లెట్ (తిరుపతి)
అన్నలందరికీ నమస్తే. నాది పాత బుల్లెట్ 350, ఇనప బ్లాకు ఇంజను. మొన్న బెంగళూరికి పోతా మొగిలి ఘాట్ ఎక్కతా ఉంటే పట్టేసింది. మిట్ట మధ్యాహ్నం, వెనకాల మనిషి, లగేజీ. పక్కకి నిలబెట్టి చల్లారినాక కిక్కు కొడితే లేచింది గానీ, లోపల టకటకా ఒకటే సౌండు. ఆటోనగర్‌లో విప్పించినా. పిస్టన్ మీదా బ్లాకు లోపలా గీతలు పడుండాయి. ట్వెంటీ ఓవర్ సైజుకి, అంటే కొంచెం పెద్ద పిస్టన్ పట్టేటట్టు బ్లాకు లోపల చెక్కి, బోర్ చేయించాలంటాడు మెకానిక్.

ఎట్లాగూ విప్పినాం కదా, ఈసారి కోటింగులు చేయించేద్దామని ఉండా. పిస్టన్ స్కర్టుకి (కింది పక్క గోడకి) మోలీ, పిస్టన్ నెత్తికీ వాల్వులకీ సెరామిక్, బెండ్ పైపుకి (ఇంజను నుంచి సైలెన్సర్‌కి పొగ పోయే పైపు) సెరామిక్, బ్లాకుకి నల్ల పౌడర్ కోటింగ్, ట్యాపెట్లకి (క్యామ్ మీద ఆడి వాల్వుల్ని లేపేవి) డీఎల్‌సీ. ఇవన్నీ ఒకే చోట చేసేవాళ్లు ఉంటే చెప్పండి. లేదంటే మెటీరియల్ తెప్పించుకుని నేనే కొట్టుకుంటా, కంప్రెసర్ ఉండాది. ఇక బండి ఘాట్‌లో పట్టేయకూడదు, అంతే.

కొర్లగుంట_కుర్రోడు
అన్నా, తిరుచానూరు రోడ్డులో "సెరామిక్ కోటింగ్" అని ఇంత పెద్ద బోర్డు చూసినా. ఆడ అడుగు.

పొడి_పొయ్యి (రేణిగుంట)
తమ్ముడూ, అది కారు పెయింటు మీద పూసేది, మెరుపు కోసం. ఆ సీసా తెచ్చి బెండ్ పైపుకి పూస్తే అలిపిరి దాటేలోపల పొగైపోతాది.

నాది పౌడర్ కోటింగ్ షాపు, కాబట్టి నాకు తెలిసిన కాడికి చెప్తా. పౌడర్ కోటింగ్ 180 నుంచి 200 డిగ్రీల వేడిలో ఉడికే ప్లాస్టిక్ పొర. చాసిస్‌కీ రిమ్ములకీ దాన్ని మించింది లేదు. బెండ్ పైపు మాత్రం లోడు మీద ఘాట్ ఎక్కేటప్పుడు హెడ్ దగ్గర అంతకు రెండు మూడింతలు కాలుతుంది. అందుకే బెండ్ పైపులు తెచ్చి పౌడర్ కొట్టమంటే నేను తీసుకోను. డబ్బులు నాకు వస్తాయి, తిట్లు కూడా నాకే వస్తాయి.

బ్లాకు సంగతి కొస్తే, పౌడర్ పొర 60, 80 మైక్రాన్ల మందం ఉంటాది (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అది బ్లాకు చుట్టూ వేడి వదిలే రెక్కలకి దుప్పటి కప్పినట్టే. దానివల్లే బండి పట్టేస్తాదని అననుగానీ, వేడి సమస్య ఉన్న బండికి నేనైతే వెయ్యను. తుప్పు రాకుండా వేడికి తట్టుకునే నల్ల పెయింటు పల్చగా ఒక్క కోటు చాలు.

లేత్_పనోడు (చిత్తూరు)
కోటింగు గొడవ తర్వాత. ముందు ఆ పిస్టన్ ఫోటో పెట్టు నాయనా. గీతలు యాడ పడుండాయో చూడకుండా మందు రాసేది ఎట్ల?

ఘాట్_బుల్లెట్
ఫోటో అప్‌లోడ్ కావడం లేదన్నా, సైజు ఎక్కువంటాంది. మాటల్లో చెప్తా. గజన్ పిన్ను (పిస్టన్ని కనెక్టింగ్ రాడ్డుకి కలిపేది) రంధ్రానికి అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు పట్టీలు. ముందు వైపు, అంటే సైలెన్సర్ వైపువి ఇంకొంచెం లోతుగా ఉండాయి. స్కర్టు నడిమధ్యలో మాత్రం మిషన్ గీతలు ఇంకా కనిపిస్తా ఉండాయి, అరగలా.

లేత్_పనోడు
సరిపోయింది. అది నాలుగు మూలల పట్టు. ఆయిల్ అందక పట్టేసి ఉంటే స్కర్టు నడిమధ్య, ముందూ వెనకా రాపిడి పడతాది. నీది అట్ల కాదు. పిన్ను చుట్టూ అల్యూమినియం మందంగా ఉంటాది కదా, వేడికి ఆ భాగం ఎక్కువ ఉబ్బుతాది. బ్లాకు ఇనుము, అది అంత తొందరగా ఉబ్బదు. ప్లే, అంటే పిస్టన్‌కీ బ్లాకుకీ మధ్య సందు, చాలక ఆ నాలుగు చోట్లా ఒరిసింది. దానికి కారణాలు రెండే. ఒకటి, ఇంతకుముందు బోర్ చేసినోడు ప్లే టైటుగా పెట్టినాడు. రెండు, ఇంజను ఉండాల్సిన దానికంటే ఎక్కువ వేడెక్కింది: మిక్చర్ పల్చన, లేదంటే పాయింట్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) తప్పు, లేదంటే కార్బురేటర్ మూతి దగ్గర గాలి లీకు.

ఈ మూడూ చూడకుండా పిస్టన్‌కి బంగారం పూత పూయించినా మొగిలి ఘాట్‌లో మళ్లీ పట్టేస్తాది. స్పార్క్ ప్లగ్గు ఏ రంగులో ఉంది?

ఘాట్_బుల్లెట్
తెల్లగా. సున్నం కొట్టినట్టు.

లేత్_పనోడు
ఇంకేం మరి. మిక్చర్ పల్చనై వేడెక్కిందనేదానికి గుర్తు అదే.

లోహం_టీచర్ (తిరుపతి)
లేత్ అన్న చెప్పిందంతా సబబే, కానీ కోటింగ్‌ని మరీ అంత తీసిపారేయక్కర్లేదు. నేను ఇంజనీరింగ్ కాలేజీలో మెటలర్జీ చెప్తాను. ఒక్కో కోటింగ్ ఒక్కో పనికి పుట్టింది. ఏది దేనికో తెలియకుండా అన్నీ కలిపి "పెర్ఫార్మెన్స్ కోటింగ్" అంటున్నాం, చిక్కు అక్కడే వస్తోంది.

స్కర్టు మీద వేసే మోలీ అంటే మాలిబ్డినం డైసల్ఫైడ్, చాలాసార్లు గ్రాఫైట్ కూడా కలుపుతారు, పట్టి ఉంచడానికి ఒక రెజిన్. ఇప్పటి కార్ల పిస్టన్లు చూడండి, స్కర్టు మీద నల్లటి మచ్చ ఒకటి అచ్చు వేసినట్టు ఉంటుంది. కంపెనీలో స్క్రీన్ ప్రింటింగ్ చేసిందే అది. మందం 10 నుంచి 20 మైక్రాన్లు. చల్లటి స్టార్ట్‌లో, కొత్త ఇంజను సర్దుకునే రోజుల్లో, ఆయిల్ ఒక క్షణం అందనప్పుడు అల్యూమినియం నేరుగా ఇనుముకి రాసుకోకుండా అడ్డు నిలుస్తుంది. వేడిని తగ్గించదు, మిక్చర్‌ని సరిచేయదు. పట్టేసే బండి పట్టేస్తుంది, కాకపోతే బ్లాకు మీద గాయం తక్కువ కావచ్చు.

తమ్ముడూ, నీ లిస్టులో నాకు బెండ్ పైపు, స్కర్టు రెండూ సబబుగా ఉన్నాయి. మిగతావి ఎందుకో నువ్వే చెప్పు.

ఘాట్_బుల్లెట్
అక్కా, నెత్తికి సెరామిక్ వేస్తే వేడి పిస్టన్‌లోకి దిగదు, పవర్ పెరుగుతాదని వీడియోల్లో చెప్తా ఉండారు కదా.

లోహం_టీచర్
సూత్రం నిజమే. జిర్కోనియా (యిట్రియా కలిపి స్థిరపరిచినది) మీటరుకి డిగ్రీకి 2 వాట్ల చుట్టూ మాత్రమే వేడిని పోనిస్తుంది. పిస్టన్ అల్యూమినియం అంతకు అరవై, డెబ్బై రెట్లు పోనిస్తుంది. విమానం ఇంజన్ల టర్బైన్ బ్లేడ్లకి ఇదే వేస్తారు, ముందు ఒక లోహపు పొర, దాని మీద జిర్కోనియా. చిక్కేమిటంటే, అల్యూమినియం వేడికి జిర్కోనియా కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. ప్లాస్మా స్ప్రేతో వేసిన మందపాటి పొర వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే అంచుల్లో పగుళ్లిస్తుంది. రాలిన పెచ్చు ఎక్కడికి పోతుంది? రింగులకీ బ్లాకుకీ మధ్యకి. గాజుపొడి వేసి నూరినట్టే.

సరిగ్గా చేస్తే ఫలితం ఉండదని కాదు. టొయోటా 2015లో తెచ్చిన 2.8 లీటర్ల 1జీడీ డీజిల్ ఇంజన్లో, మన ఫార్చ్యూనర్‌లో వచ్చేదే, పిస్టన్ నెత్తిని యానోడైజ్ చేసి సన్నటి రంధ్రాల పొర తెచ్చి, దాన్ని సిలికాతో గట్టిపరిచారు. మంట మండేటప్పుడు ఆ పొర చటుక్కున వేడెక్కుతుంది, గాలి లోపలికి వచ్చేటప్పుడు అంతే చటుక్కున చల్లారుతుంది. మంట సమయంలో గోడల్లోకి పోయే వేడి సుమారు 30 శాతం దాకా తగ్గిందని కంపెనీయే చెప్పింది. కానీ ఆ పిస్టన్నీ ఇంజనునీ కలిపి డిజైన్ చేశారు. నీ బుల్లెట్ పిస్టన్ మీద ఎవరో గన్నుతో కొట్టిన పొరకి ఆ లెక్క వర్తించదు.

నగరి_నెట్టు (అంబత్తూరులో పని)
అక్కా, నెత్తి కోటింగ్ మీద నేను ఒప్పుకోను. పల్చటి రకం, గన్నుతో 25 మైక్రాన్లు కొట్టి ఓవెన్లో ఉడికించేది, రాలదు. రేసు బండ్లకి మా షాపులో వేస్తానే ఉంటాం. ప్లాస్మా రకంతో కలిపి మాట్లాడకండి.

లోహం_టీచర్
రాలదన్నది ఒప్పుకుంటాను. 25 మైక్రాన్లు ఎంత వేడిని ఆపుతుందన్నదే నా అనుమానం. రేసు ఇంజను సీజను మధ్యలో విప్పి చూసుకుంటారు. ఇతని బండి మళ్లీ పట్టేసేదాకా ఎవరూ విప్పరు.

నగరి_నెట్టు
అది కరెక్టే లెండి 😄

అన్నా ఘాట్_బుల్లెట్, ఒకే చోట అన్నీ అంటే కష్టం. డీఎల్‌సీ చేసేవాడు వేరు, ప్లేటింగ్ వేరు, స్ప్రే కోటింగ్ వేరు. చెన్నైలో గిండీ, అంబత్తూరు ఎస్టేట్లలో, బెంగళూరులో పీణ్యలో జాబ్ వర్క్ షాపులు ఉంటాయి. నీకు అంబత్తూరు దగ్గర: పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా వస్తే ఆవడి దాటగానే. పోకముందు మూడు సంగతులు అడుగు. ఏ కంపెనీ మెటీరియల్, డబ్బా చూపిస్తారా? ఎన్ని మైక్రాన్లు వేస్తారు, మీటర్ పెట్టి రాసిస్తారా? రింగు గాళ్లు (రింగులు కూర్చునే గాడులు), పిన్ను రంధ్రం దేనితో మూస్తారు? మూడో దానికి తడబడినాడంటే పిస్టన్ జేబులో పెట్టుకుని బస్సెక్కేసెయ్. రింగు గాళ్లలో కొంచెం కోటింగ్ పడినా రింగు ఆడదు.

పార్ట్ ఇచ్చేటప్పుడు పిస్టన్ మీద తేదీ, కొలత మార్కర్‌తో రాయొద్దు, చెరిగిపోతాది. చిన్న రేకు ముక్కకి పంచ్ కొట్టి వైరుతో కట్టు. నాలుగు బుల్లెట్ పిస్టన్లు ఒకే ట్రేలో పెడితే ఎవరిదేదో దేవుడికే తెలియాలి. ఒకాయనకి వేరేవాళ్ల పిస్టన్ పోయింది ఒక షాపులో (మాది కాదు), ఆయన లేత్ దగ్గర కొలిచినాకగానీ బయటపడలా.

పలమనేరు_డ్యూక్
మధ్యలో దూరినందుకు ఏమనుకోవద్దు. నాది డ్యూక్ 200. బ్లాకులో గీతలు. ఇక్కడి మెకానిక్ బోర్ చేసి స్లీవ్ (ఇనప గొట్టం) దించుదామంటాడు. అది నికాసిల్ కోటింగంట కదా, మళ్లీ అదే కోటింగ్ వేయించొచ్చా?

లోహం_టీచర్
నికాసిల్ అంటే నికెల్ పొరలో సిలికాన్ కార్బైడ్ రేణువులు. జర్మనీలో మాలే కంపెనీ 1967లో వాంకెల్ ఇంజన్ల కోసం తయారుచేసింది. అల్యూమినియం బ్లాకుకి ఇనప స్లీవ్ లేకుండానే గట్టి గోడ వస్తుంది, వేడి కూడా తొందరగా బయటికి పోతుంది. దాన్ని మామూలు బోరింగ్ బార్‌తో చెక్కితే పొర పోతుంది, కింద మెత్తటి అల్యూమినియం బయటపడుతుంది. మామూలు హోనింగ్ రాళ్లు (బ్లాకు లోపలి గోడని సన్నగా రుద్దేవి) దాన్ని కోయలేవు, డైమండ్ రాళ్లు కావాలి.

లేత్_పనోడు
పలమనేరు తమ్ముడూ, చెక్కించేముందు ఒక పని చెయ్. గీత మీద గోరు అడ్డంగా నడుపు. గోరు తగలకపోతే అది గీత కాదు, పిస్టన్ అల్యూమినియం కరిగి బ్లాకుకి అతుక్కుని ఉంటాది. కాస్టిక్ సోడా నీళ్లలో గుడ్డ తడిపి, ఆ మచ్చ మీద మాత్రమే తుడువు. అల్యూమినియం కరిగిపోతాది, నికెల్ పొర అట్నే ఉంటాది. బయట రెక్కలకి, పై అంచుకి సోడా తగలనివ్వొద్దు, ఆడంతా వట్టి అల్యూమినియమే, తినేస్తాది. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు తప్పనిసరి. తర్వాత నీళ్లతో బాగా కడుగు. గోరు తగిలిందా, పొర లేచిందా, కొత్త బ్లాకు పిస్టన్ కిట్టే తీసుకో. మళ్లీ ప్లేటింగ్ చేయించి డైమండ్ హోనింగ్ దాకా పోయేసరికి ఖర్చు దానికి దగ్గరికొస్తాది, తిరుగుడు అదనం.

కొర్లగుంట_కుర్రోడు
నికాసిల్ పెట్రోలుకి పాడవుతాదని చదివినా?

లోహం_టీచర్
1990లలో బీఎండబ్ల్యూ, జాగ్వార్ ఇంజన్లకి జరిగింది. అప్పటి పెట్రోల్లో గంధకం ఎక్కువ. చల్లటి ఇంజన్లో ఆమ్లం తయారై నికెల్‌ని తినేసింది. మన దగ్గర 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 పెట్రోల్లో గంధకం 10 పీపీఎంకి (పది లక్షల్లో 10 వంతులకి) మించకూడదు. ఆ భయం అక్కర్లేదు.

ఘాట్_బుల్లెట్
అక్కా, ట్యాపెట్లకి డీఎల్‌సీ సంగతి?

లోహం_టీచర్
వద్దు. డీఎల్‌సీ అంటే వజ్రం లాంటి కార్బన్ పొర. గాలి తీసేసిన గదిలో వేస్తారు, రెండు మూడు మైక్రాన్లు మాత్రమే ఉంటుంది. అంత పల్చటి పొర కింద లోహం ఎట్లా ఉంటే పైన అట్లాగే ఉంటుంది. పాత ట్యాపెట్ అడుగున చిన్న చిన్న గుంటలు ఉంటే పొర వాటిని పూడ్చదు. కొత్త ట్యాపెట్, కొత్త క్యామ్, వాటికి అద్దంలాంటి నునుపు తెచ్చాక మాట్లాడుకోవాల్సిన విషయం అది. పైగా గదిని ఒక్కసారి నడిపే ఖర్చు నీ రెండు ట్యాపెట్ల మీదే పడుతుంది.

ఇంకొక మాట. ఎవరైనా వాల్వు స్ప్రింగులకి క్రోమ్ పూయిస్తామంటే ఒప్పుకోవద్దు. ప్లేటింగ్ తొట్టిలో హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరుతుంది. వెంటనే ఓవెన్లో కాల్చి తీసేయకపోతే స్ప్రింగు పెళుసై, నడుస్తూ నడుస్తూ పుటుక్కుమంటుంది. గేరు రాడ్డుకి పూయించుకోండి, మెరుస్తుంది.

మోడరేటర్
షాపు ఫోన్ నంబర్లు, రేట్లు ఇక్కడ పెట్టొద్దు. ప్రైవేటు మెసేజీల్లో చూసుకోండి. పోస్ట్ 20, 21 తీసేశాను.

కొర్లగుంట_కుర్రోడు
ఇవన్నీ చేస్తే ఆర్టీవో వాళ్లు పట్టుకుంటారా? మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 అని ఏదో ఉందంట.

నగరి_నెట్టు
అది ఆర్సీలో రాసిన వివరాలు మారేటట్టు బండిని మార్చడం గురించి. పిస్టన్‌కి నల్ల పూత పూస్తే ఆర్సీలో ఏం మారతాది? సైలెన్సర్ మార్చి ఊరంతా దద్దరిల్లేటట్టు తిరిగితే మాత్రం పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా.

ఘాట్_బుల్లెట్
సరే, నెత్తి, వాల్వులు, ట్యాపెట్లు లిస్టులోంచి తీసేస్తా ఉండా. పిస్టన్ అంబత్తూరు పంపిస్తా. బెండ్ పైపు మాత్రం నేనే చేసుకుంటా. వేడి తట్టుకునే సెరామిక్ లిక్విడ్, గాలికే ఆరేది, 900 డిగ్రీల పైదాకా తట్టుకుంటాదని రాసుండారు. ఎట్ల కొట్టేది పొడి_పొయ్యి అన్నా?

పొడి_పొయ్యి
కొట్టడం పది నిమిషాల పని. దానికి ముందరి పనే పని.

పాత పైపు అయితే ముందు లోపల మసీ ఆయిలూ కాల్చెయ్యి. లేదంటే కోటింగ్ అయినాక మొదటిసారి వేడెక్కగానే అతుకుల్లోంచి ఆయిల్ బయటికొచ్చి పసుపు మచ్చలు పడతాయి. తర్వాత బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో గరుకు పొడి కొట్టి పై పొర తీసేయడం. క్రోమ్ పైపు మీద క్రోమ్ ఉండగానే కొడితే పొట్టులా లేస్తాది, క్రోమ్ మొత్తం పోవాల. 100 లేదా 120 నంబరు అల్యూమినియం ఆక్సైడ్ వాడు. ఏటి ఇసుకతో కొట్టించొద్దు, ఆ దుమ్ము కొట్టేవాడి ఊపిరితిత్తుల్ని తినేస్తాది. బ్లాస్టింగ్ అయిన ఇనుము బూడిద రంగులో, గరుకుగా, ఎండలో పెట్టినా మెరవకుండా ఉండాల. యాడైనా మెరిసిందంటే ఆడ మళ్లీ కొట్టు.

ఆ తర్వాత ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. మన వేలి జిడ్డు కంటికి కనపడదు, వేడెక్కినాక అదే వేలిముద్ర పైపు మీద తేలతాది. అసిటోన్‌తో కడిగి, మూలకి నాలుగు చుక్కల నీళ్లు పోసి చూడు. నీళ్లు పల్చగా పరుచుకుంటే శుభ్రం. పూసలు కట్టినాయంటే ఇంకా జిడ్డుంది. ఆరినాక 150 డిగ్రీల్లో ఒక గంట కాల్చి చల్లార్చు, లోపల దాగింది ఏదన్నా ఉంటే బయటికొస్తాది. ఇంట్లో వంట ఓవెన్లో మాత్రం వద్దు సామీ, మీ ఇంట్లోవాళ్లు నన్ను తిడతారు. నా దగ్గరకు తీసుకురా, సాయంత్రం పొయ్యి ఖాళీగా ఉంటే పెట్టిస్తా.

గన్ను 0.8 మిల్లీ నాజిల్ ఉన్న చిన్నది. గోడలకి కొట్టే గన్ను పనికిరాదు. డబ్బా కనీసం ఐదు నిమిషాలు బాగా కదిలించు, పొడి అడుగుకి దిగిపోయి ఉంటాది. మందం 25 మైక్రాన్లు, అంటే మన లెక్కలో ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు). నిండుగా ఉండాలని రెండో కోటు వేస్తే అదే పెచ్చులూడేది. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే చాలదు, సాల్వెంట్ వాసన పట్టే ఫిల్టర్ మాస్కు కావాల. గాలికి ఆరే రకాన్ని ఐదు రోజులు ముట్టుకోకుండా వేలాడదియ్.

నగరి_నెట్టు
డబ్బా కొరియర్‌లో తెప్పించేటప్పుడు చూసుకోండి, మండే లిక్విడ్ కాబట్టి విమానంలో ఎక్కించరు. పార్సిల్ లారీలోనే వస్తాది. డబ్బా మీద ఎక్స్‌పైరీ తేదీ చూడండి, పాత స్టాకు అంటగట్టేవాళ్లు ఉండారు.

కొర్లగుంట_కుర్రోడు
ఇంత కష్టం ఎందుకన్నా, గుడ్డ చుట్టేస్తే పోలా? హీట్ ర్యాప్.

పొడి_పొయ్యి
చుట్టుకో. వానలో తడిసిన గుడ్డ ఆ పైపుని పట్టుకునే ఉంటాది, మెత్తటి ఇనుము లోపల్లోపల తుప్పుపట్టి పోతాది. స్టీలు పైపు అయితే కొంత నయం.

లేత్_పనోడు
ఇంక పిస్టన్ సంగతి, జాగ్రత్తగా విను. ముందు పిస్టన్ కొను, కోటింగ్ చేయించు, ఆ తర్వాతే బ్లాకుకి బోర్. చాలామంది బోర్ చేయించి, పిస్టన్ సరిగ్గా పట్టినాక కోటింగ్‌కి పంపిస్తారు. 15 మైక్రాన్లు అంటే ముందు 15, వెనక 15, మొత్తం 30. ప్లే 0.10 మిల్లీ పెట్టి ఉంటే 0.07 మిగులుతాది. నీది అసలే టైటుగా పట్టిన ఇంజను.

కంపెనీ నుంచే నల్ల మచ్చతో వచ్చిన పిస్టన్ అయితే మచ్చ మీద కొలవకూడదు, పక్కన లోహం కనిపించే చోట కొలవాల, కంపెనీవాళ్ల లెక్క దానికే. జాబ్ వర్క్ కోటింగ్ అయితే ప్లే ఏ లెక్కన పెట్టాలో కోటింగ్ వేసినోళ్ల దగ్గర రాయించుకో, ఒక్కో మెటీరియల్‌కి ఒక్కో పద్ధతి. కొలిచేది స్కర్టు కింది భాగంలో, పిన్నుకి అడ్డంగా. పిన్ను వైపు కొలిస్తే ఎప్పుడూ తక్కువే వస్తాది, ఆ వైపు పిస్టన్ కావాలనే సన్నగా చేసుంటారు.

బోర్ చేసినాక హోనింగ్ గీతలు అడ్డదిడ్డంగా కనిపించాల, నునుపుగా అద్దంలా ఉంటే ఆయిల్ నిలవదు. తర్వాత బ్లాకుని పెట్రోల్‌తో కాదు, వేడి సబ్బు నీళ్లతో కడుగు. తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాల, అప్పుడు ఆయిల్ రాయి.

ఘాట్_బుల్లెట్
అర్థమైందన్నా. కార్బురేటర్ మూతి దగ్గర గాలి లీకు చూసినా: ఇన్‌టేక్ రబ్బరు పగిలుండాది, వేలుపెట్టి వంచితే నోరు తెరుస్తాంది. తెల్ల ప్లగ్గు కథ అదే అనుకుంటా. కొత్త రబ్బరు, కొత్త పాయింట్ సెట్టు తెచ్చినా.

పలమనేరు_డ్యూక్
లేత్ అన్నా, సోడా గుడ్డతో తుడిచినా. రెండు మచ్చలు పూర్తిగా పోయినాయి, కింద నికెల్ బూడిద రంగులో చక్కగా ఉంది. ఒక్క చోట మాత్రం గోరు తగులుతాంది, ఎగ్జాస్ట్ వైపు, రింగులు తిరిగే చోటే. కిట్టు ఆర్డర్ పెట్టేసినా.

లేత్_పనోడు
మంచి పని చేసినావ్. పాత బ్లాకు పారెయ్యొద్దు, నాకు పంపు. పిల్లలకి చూపించేదానికి కావాల.

ఘాట్_బుల్లెట్
పొడి_పొయ్యి అన్నా, ఆదివారం బెండ్ పైపు తీసుకొస్తా. ఒక్కదానికి బ్లాస్టింగ్ షాపువాడు మెషిన్ ఆన్ చెయ్యనంటాడు. ఇంకెవరివైనా పైపులు ఉంటే చెప్పండి, ఒకే బ్యాచ్‌లో కొట్టించేద్దాం.

కొర్లగుంట_కుర్రోడు
నాది స్ప్లెండర్ బెండ్ పైపు. క్రోమ్ సగం పోయింది, మిగతా సగం వాళ్లే తీస్తారా?

పొడి_పొయ్యి
తీస్తారు. గుడ్డ చుట్టకుండా తీసుకురా.